కొంగు పట్టుకున్న పిల్ల

క్యాంపు, కెంచనగుడ్డ దగ్గర
11-10-1959

అక్కకు మాణిక్యం నమస్కరించి రాస్తున్నది.

నువ్వూ బావగారూ తెనాలి చేరినట్టు కార్డు అందింది. మీరు బండెక్కి వెళ్ళాక ఈ ఇల్లు మరీ పెద్దదైపోయింది. రెండు గదుల రేకుల ఇల్లు పెద్దదేమిటని అనుకుంటావు. శేషు లేడు కదా, అందుకని.

వరి పొట్టకొచ్చింది. మన వైపు నుంచి వచ్చి ఈ క్యాంపు కట్టుకున్నవాళ్ళందరి చేలూ పచ్చగా ఉన్నాయి. కాలువ రాకముందు ఈ నల్లరేగడిలో జొన్న తప్ప మరొకటి పండేది కాదంటే ఇప్పుడు చూసేవాళ్ళు నమ్మరు. ఆ కాలువ కోసమేగా మేము అంత దూరం నుంచి వచ్చింది.

ఆరోజు సంగతి మాత్రం నన్ను మళ్ళీ అడగకు. వాణ్ణి గట్టు మీద తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టి, నాట్లు వేసే కూలీలకు అన్నం వడ్డించడానికి వెళ్ళాను. వాడు నిద్రపోతున్నాడు. తిరిగొచ్చేసరికి పరిచిన పాత చీర ఖాళీగా ఉంది. మా పాలేరు దురుగప్ప తూము దగ్గర వెతికి ఎత్తుకొచ్చాడు. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

నిద్ర పడుతోందా అని అడిగావు. పడుతోంది. వాడి పురిట్లో చలిజ్వరం వచ్చినప్పుడు బళ్ళారి డాక్టరు రాసిచ్చిన మందు కాస్త మిగిలి ఉంది. అది వేసుకుంటే ఒళ్ళు వెచ్చబడి కళ్ళు మూతలు పడతాయి.

సాయంత్రం దీపం పెట్టే వేళకు "అమ్మా, నీళ్ళు" అని వినిపిస్తుంది. వాడికి దాహం ఎక్కువ, నీకు తెలుసుగా. లేచి గ్లాసు ముంచి గడప దగ్గర పెడతాను. పొద్దున చూస్తే నిండుగానే ఉంటుంది. మీ మరిది తీసుకెళ్ళి ఆ నీళ్ళు బంతిమొక్కకు పోస్తారు.

మా పిల్ల పాపి పెద్దమ్మను అడిగానని రాయమంది.

నీ మాణిక్యం

~

తెనాలి
24-10-1959

మాణిక్యమ్మా,

నీ ఉత్తరం బావగారు స్కూలు నుంచి వచ్చేలోగా నాలుగుసార్లు చదివాను. నిద్ర పడుతోందన్న మాట దగ్గర నా గుండెలో బరువు దిగింది. ఆ మందు మానకు. అయిపోతే డాక్టరు చేత మళ్ళీ రాయించుకో. మనిషికి నిద్ర ఉంటే తక్కినవన్నీ మెల్లగా సర్దుకుంటాయి.

దీపం వేళ నీళ్ళు పెట్టడం మాత్రం మానెయ్యి. పోయినవాళ్ళను పిలిచి కూర్చోబెట్టుకున్నట్టవుతుంది. కోటప్పకొండ విభూతి పొట్లం పంపుతున్నాను. నువ్వూ పెట్టుకో, పిల్లకూ పెట్టు.

పిల్ల అంటే గుర్తొచ్చింది. సువర్చల అని లక్షణంగా పేరు పెట్టుకుని పాపి, పాపి అని పిలుస్తారేమిటి? దురుగప్ప మొదలుపెట్టాడని మీరూ అందుకోవడమేనా? అక్కడి వాడుకలో పాప అని అర్థం కావచ్చు. మన చెవికి అది వేరే మాట. మాన్పించు.

నాకు పిల్లలు లేరు కాబట్టి నీ కష్టం తెలియదని అనుకోకు. శేషు పుట్టినప్పుడు మొదట నీళ్ళు పోసింది ఈ చేతులే.

వెంకటకృష్ణయ్య బాబాయి సంక్రాంతి వెళ్ళాక అటువైపు భూములు చూడటానికి వస్తాడట. ఏమైనా కావాలంటే రాయి, అతనిచేత పంపుతాను. గోంగూర పచ్చడి ఎలాగూ పెడుతున్నాను.

సరోజినీదేవి

~

క్యాంపు
17-1-1960

అక్కా,

తేదీ సరిగా వేశానో లేదో. మీ మరిది సిరుగుప్ప మిల్లుకు వెళ్ళారు, అడగడానికి ఎవరూ లేరు. చేతిరాత చూసి కంగారుపడకు. చలిజ్వరం తగిలి వేళ్ళు వణుకుతున్నాయి.

విభూతి పెట్టుకుంటున్నాను. అయినా వాడు రావడం మానలేదు. మొన్న దండెం మీద బట్టలు తీస్తుంటే మధ్యలో వాడి చొక్కా ఉంది. పెట్టె అడుగున దాచిన నీలం చొక్కా. ఇంకా తడిగానే ఉంది. మీ మరిదిని పిలిచి చూపిస్తే, "పొద్దున నువ్వే తీసి ఉతికావు మాణిక్యం" అన్నారు. నాకు గుర్తు లేదు అక్కా. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పేరు మాన్పించమన్నావు. నిన్న దురుగప్ప కళ్ళం నుంచి, "ఓ పాపీ, యాడుండావు, ఇట్ల రా" అని కేకేశాడు. నేను ఇంట్లోంచి "ఇక్కడే ఉన్నాను" అని పలికాను. పిల్ల నవ్వింది. దురుగప్ప నవ్వలేదు.

బాబాయిని ఇప్పుడే రావద్దని చెప్పు. ఇల్లు ఇల్లులా లేదు. నాకు జ్వరం తగ్గాక చూద్దాం.

మాణిక్యం

~

తెనాలి
20-2-1960

మాణిక్యానికి,

నీ ఉత్తరం అందేలోపే బాబాయి బయలుదేరాడు. నిన్న తిరిగొచ్చి, మా వరండాలో కూర్చుని, చెప్పలేక చెప్పాడు. గడ్డివామి వెనకాల సీసాలు ఉన్నాయట. పొద్దున్నే మీ ఆయన కోటిలింగం ఒక సీసా తెచ్చి పెరట్లో ఒంపుతుంటే కళ్ళారా చూశాడట. ఇల్లంతా సారా వాసనట. గడ్డం పెరిగి, కళ్ళు ఎర్రబడి, మనిషి పలకరిస్తే తల దించుకున్నాడట. నువ్వేమో జ్వరమని ముసుగు పెట్టుకుని, వచ్చిన బాబాయికి మొహం కూడా చూపించలేదట.

ఇంతకాలం నాకెందుకు దాచావు? కొడుకు పోయిన దుఃఖం ఆయనొక్కడికేనా? ఆడది కడుపుకోత దిగమింగుకుని వంట చేస్తుంటే, మగాడు సీసా పట్టుకు కూర్చుంటాడా? అటువంటి ఇంట్లో నీకు వాడు కనిపించకేం చేస్తాడు.

బావగారు వచ్చే నెల సెలవు పెట్టి వస్తున్నారు. కోటిలింగాన్ని అడగవలసిన నాలుగు మాటలూ అడుగుతారు. సువర్చలను నా దగ్గరికి తీసుకొస్తారు. నువ్వూ రాగలిగితే రా.

అక్క

~

క్యాంపు
2-3-1960

అక్కా,

బావగారిని పంపవద్దు. ఆయనను ఎవరూ ఏమీ అనవద్దు. ఆయన చాలా మంచివారు. బాబాయి చూసింది నిజమే కానీ అలా కాదు. ఎలాగో రాయడం నాకు చేతకావడం లేదు. ఈ కాగితం మూడుసార్లు మార్చాను.

పిల్లను తీసుకెళ్ళవద్దు. పాపి లేకపోతే నేను గట్టు మీద నుంచి ఇంటికి రాలేను.

మాణిక్యం

~

తెనాలి
9-4-1960

మాణిక్యం,

పిల్ల కులాసాగా ఉంది. ముందు ఆ మాట రాసి తర్వాత తక్కినవి రాస్తున్నాను.

బావగారు కోటిలింగాన్ని అనరాని మాటలన్నీ అన్నారట. అతను అరుగు మీద నిలబడి అన్నీ విన్నాడట. చివరికి "పిల్లను జాగ్రత్తగా చూసుకోండి అన్నయ్యగారూ" అని మాత్రం అన్నాడట. గుంతకల్లులో బండి మారేదాకా పిల్ల కిటికీలోంచి మొహం తిప్పలేదట.

వచ్చిన రోజు సాయంత్రం పక్కలో పడుకోబెట్టుకున్నాను. పిల్ల లేచి నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఏమిటే అన్నాను. "నీ దగ్గర రావట్లేదు" అంది. ఏమి రావట్లేదంటే, "అమ్మ మందు వాసన" అంది. వాసన ఎక్కువగా ఉంటే తను మేలుకుని ఉండాలట, తక్కువగా ఉంటే పడుకోవచ్చట. ఇంత పిల్ల ఎవరో నేర్పిన పాఠంలా చెప్పింది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ అడిగాను. నువ్వు పక్కీరమ్మ అనే ఆవిడ గుడిసెకు వెళతావనీ, వచ్చేటప్పుడు తమ్ముడు పడిన చోట కూర్చుంటావనీ, నువ్వు ముందుకు వంగినప్పుడు తను నీ కొంగు రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతుందనీ చెప్పింది. అరచేతులు చూపించింది, కమిలి కాయలు కాసి ఉన్నాయి.

ఆ సీసాలు ఎవరివి మాణిక్యం?

సరోజిని

~

క్యాంపు
21-4-1960

అక్కా,

సీసాలు నావి. మీ మరిది ఎన్నడూ నోట పెట్టినవారు కాదు. నేను దాచినవి వెతికి తెచ్చి ఒంపుతుంటే బాబాయి చూశాడు.

పురిటి మందని రాశానే, అది బ్రాందీ. వాడు పోయిన తర్వాత మొదటిసారి తీసుకున్నాను. నిద్ర పట్టింది. నిద్రలో వాడు బతికే ఉన్నాడు. అందుకే మళ్ళీ తీసుకున్నాను. ఆ సీసా అయిపోయాక పక్కీరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె వాగు అవతల దొంగచాటుగా సారా కాస్తుంది. మొదట్లో సాయంత్రాలే వెళ్ళేదాన్ని. తర్వాత పొద్దున లేవగానే చేతులు వణికి, పొయ్యి కూడా వెలిగించలేకపోయేదాన్ని. గుక్కెడు పడితే గానీ వణుకు ఆగేది కాదు. చలిజ్వరమని నీకు రాసింది అదే.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ మరిది చదివి, మడిచి నా చేతికిచ్చి, "అలాగే అనుకోనీ" అన్నారు. అదేమిటన్నాను. "నేను తాగానంటే నలుగురూ తిట్టి ఊరుకుంటారు. నువ్వంటే నిన్ను బతకనివ్వరు" అన్నారు. బావగారు అరుగు మీద ఆయన్ను తిడుతుంటే నేను తలుపు వెనకాలే ఉన్నాను. బయటికి వచ్చి ఒక్క మాట చెప్పలేకపోయాను. ఒంట్లో అప్పటికే పడి ఉంది, నోరు తిరగదని భయం.

పాపిని తీసుకెళ్ళిన సాయంత్రమే పక్కీరమ్మ గుడిసెకు వెళ్ళి గ్లాసు చాచాను. ఆమె నా వెనక్కి చూసింది.

"పాపి యాడ?" అంది.

"మా అక్క ఊరికి పోయింది."

"అట్లయితే పొయ్యను."

"ఇన్నాళ్ళూ పోశావుగా" అన్నాను.

"ఇన్ని దినాలూ నిన్ను ఇంటికి తోలుకపోయేదానికి బిడ్డ ఉండె. ఈ పొద్దు ఎవరుండారు? నువ్వు కాలవలో పడితే నేనే తోసినట్ల గాదా? నేను కూడా బిడ్డల్ని మన్నులో పెట్టినదాన్నేనమ్మా. సాకు, ఇంక చాలు. పో ఇంటికి."

అరిచాను, కాళ్ళు పట్టుకున్నాను. ఆమె కుండ బోర్లించి లోపలికి పోయింది. అక్కా, ఊళ్ళో అందరికీ తెలుసు. అందరూ ఆరేళ్ళైనా నిండని నా కూతుర్ని నమ్ముకుని ఊరుకున్నారు. నేను కూడా.

మీ మరిది నన్ను బళ్ళారి ఆసుపత్రికి తీసుకెళుతున్నారు. బావగారికి ఆయన సంగతి చెప్పు. నా సంగతి ఎలా చెప్పినా సరే.

మాణిక్యం

~

తెనాలి
3-5-1960

మాణిక్యానికి,

చెప్పాను. బావగారు అంతా విన్నారు. తర్వాత, "అయితే ఆరోజు గట్టు మీద బిడ్డను వదిలి వెళ్ళినప్పుడు కూడానా?" అని అడిగారు. ఆ ప్రశ్న అలాగే నీకు రాస్తున్నాను.

సువర్చల ఇక్కడే ఉంటుంది. సెలవులయ్యాక స్కూల్లో వేస్తాము. ఒళ్ళు చేసింది. నన్ను పెద్దమ్మా అనడం మానేసి అమ్మా అంటోంది. నేను అనమనలేదు, వద్దనీ అనలేదు. దాన్ని చూడటానికి ఇప్పట్లో రావద్దు.

సరోజినీదేవి

~

బ్రూస్‌పేట, బళ్ళారి
26-6-1960

అక్కా,

కంటోన్మెంట్ దగ్గరి ఆసుపత్రి నుంచి వచ్చి బ్రూస్‌పేటలో హొన్నమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాము. వారానికోసారి డాక్టరు చూడాలన్నారు. మీ మరిది పొలానికీ ఇక్కడికీ తిరుగుతున్నారు.

ఆసుపత్రిలో మొదటి రోజులు నాకు సరిగా తెలియవు. గచ్చు మీద నీళ్ళు ఊరుతున్నాయని కాళ్ళు పైకి లాక్కున్నానట. ఒక్కటి మాత్రం తెలుసు. వాడు మంచం కింద కూర్చున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి చాచాను. వాడు నా చేతిని కాకుండా నా నోటిని చూస్తున్నాడు. ఆయా వచ్చి, "ఏం కనిపిస్తాండాదమ్మా?" అంది. మా అబ్బాయి అన్నాను. ఆమె వంగి మంచం కింద చూసి, "నాకు కనపడలే. నీకు కనపడితే కనపడనీలే, పండుకో" అంది. ఎవరూ అలా అనలేదు అంతకుముందు. అందరూ లేడు లేడనే అన్నారు.

హొన్నమ్మ కన్నడ మనిషి. తెలుగూ మాట్లాడుతుంది. పొద్దున్నే తలుపు కొట్టి, "ఊట అయ్యిందా?" అంటుంది. ఊట అంటే భోజనం. లేదంటే జొన్నరొట్టె తెచ్చి నేను తినేదాకా గుమ్మంలో నిలబడుతుంది. నా జబ్బేమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

బావగారి ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. ఆరోజు నేను మంచినీళ్ళు తప్ప మరొకటి తాగలేదు. తెలివిగా ఉండే వదిలి వెళ్ళాను. తాగి ఉన్నానని చెప్పగలిగితే బాగుండునని కూడా అనిపించింది. తప్పు సీసా మీదికి పోయేది. కానీ అలా కాదు. బిడ్డ నిద్రపోతున్నాడు, కూలీలు ఆకలితో ఉన్నారు, నేను వెళ్ళాను. అంతే జరిగింది.

పిల్ల నిన్ను అమ్మా అంటే అననీ. దాని నోటికి ఆ మాట అలవాటు తప్పకపోతే చాలు.

మాణిక్యం

~

క్యాంపు
20-8-1960

అక్కా,

నీ నుంచి ఉత్తరం లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ మాట నువ్వు వేరేవాళ్ళ నోట వినకూడదు.

పోయిన నెల క్యాంపుకు తిరిగొచ్చాము. నేను బాగానే ఉన్నాను. తర్వాత కాలువకు నీళ్ళు వదిలారు. ఎండిన కాలువలో మొదటి నీళ్ళు వచ్చేటప్పుడు ఒక చప్పుడు ఉంటుంది, పిల్లలు చాప మీద పాకినట్టు. అది వింటూ ఇంట్లో కూర్చోలేకపోయాను. పక్కీరమ్మ ఇవ్వదని తెలిసి, పక్క క్యాంపు దాకా నడిచి వెళ్ళి తాగాను. దురుగప్ప నన్ను దారిలో పడి ఉండగా చూసి బండిలో వేసుకొచ్చాడు. "ఎవరికీ చెప్పనులేమ్మా, లెయ్" అన్నాడు. నేనే మీ మరిదికి చెప్పాను. ఆయన చాలాసేపు నాగలి కర్ర చెక్కుతూ కూర్చుని, "మళ్ళీ మొదలుపెడదాం" అన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాము. మళ్ళీ వణికాను. ఇప్పుడు పక్కీరమ్మ రోజూ పొద్దు వాలే వేళ వస్తుంది. సారా కాయడం మానలేదు, మానానని నాతో అబద్ధమూ చెప్పదు. చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి నా పక్కన వేరుశనక్కాయలు వలుస్తుంది. దీపం వేళ నేను తలెత్తి గడప వైపు చూస్తే, "వచ్చినాడా?" అంటుంది. వచ్చాడంటాను. "కూర్చోనీ" అంటుంది. కాయలు వలుస్తూనే ఉంటాము.

మాణిక్యం

~

తెనాలి
5-2-1961

మాణిక్యమ్మా,

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ చదివాను. జవాబు రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. నువ్వు మళ్ళీ తాగావని చదివినప్పుడు, ఇక పిల్ల నా దగ్గరే ఉంటుందని నాకు సంతోషం కలిగింది. తోడబుట్టినదాని బాధ చదివి సంతోషించిన మనిషిని, ఏ మొహం పెట్టుకుని జవాబు రాయను? ఆ మందు మానకు అని రాసిన చెయ్యి కూడా ఇదే.

పిల్లకు తట్టు పోసింది. ఇప్పుడు తగ్గింది, భయపడకు. ఒళ్ళు కాలిపోతున్నప్పుడు నేను నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే నా చెయ్యి తోసేసి, "అమ్మ పడిపోతుంది, నేను పోవాలి" అని లేచి కూర్చుంది. నేనే కదే అమ్మను అన్నాను. నన్ను చూసి, "నువ్వు కాదు" అంది. తెలివి వచ్చాక మళ్ళీ నన్ను అమ్మా అనే పిలిచింది. కానీ ఆ మాట నేను విన్నాను కదా.

ఇది రాస్తూ ఏడుస్తున్నాను, సిరా అలుక్కుపోయింది. పరీక్షలయ్యాక దాన్ని తీసుకొస్తాను. దాని కావలి మీద కాదు నువ్వు బతకవలసింది, అది గుర్తుంచుకో. మళ్ళీ దాని అరచేతులు అలా ఉండటం చూస్తే మాత్రం తిరిగి తీసుకుపోతాను, నువ్వు కాళ్ళు పట్టుకున్నా వినను.

కోటిలింగాన్ని బావగారు తన మాటగా క్షమించమన్నారు. తనే రాస్తానని నాలుగు రోజులుగా కలం పట్టుకుని కూర్చుంటున్నారు.

అక్క

~

క్యాంపు
31-7-1961

అక్కా,

నువ్వు వెళ్ళిన దగ్గర నుంచీ రాయాలనే ఉంది. పిల్ల చేత కూడా రాయిస్తాను, ఇంకా ఒత్తులు సరిగా రావు.

మొదట్లో నా దగ్గర పడుకోలేదు. వాళ్ళ నాన్న మంచం పక్కన చాప వేసుకునేది. నేను రమ్మనలేదు. నేను వండింది తినేది, జడ వేయించుకునేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. అలా చాలా రోజులు గడిచాయి. వానలు పట్టాక ఒకనాడు పైరేకు కారుతోందని చాప లాక్కుని నా పక్కకు వచ్చింది. కారడం ఆగిపోయాక కూడా వెళ్ళలేదు.

శేషు గురించి అడిగింది. తమ్ముడు ఎలా పడ్డాడని. నువ్వు నన్ను అడిగినప్పుడు చెప్పలేకపోయినదంతా దానికి చెప్పాను. నేను పక్కన లేనని చెప్పాను. "నువ్వెందుకు వెళ్ళావు?" అంది. అందరికీ ఆకలేస్తోందని చెప్పాను. "నాకు కూడా ఆకలేసింది ఆరోజు" అంది.

వాడు ఇంకా వస్తాడు అక్కా. నీకు అబద్ధం రాయను. రోజూ కాదు. మబ్బు పట్టిన సాయంత్రాల్లో వస్తాడు. నేను పని ఆపను.

బడి కాలువ అవతల ఉంది. వంతెన మీద నుంచి పోవాలి. ఈ నెల నీళ్ళు వదిలారు, కాలువ నిండుగా పారుతోంది. వంతెనకు ఒక పక్క పిట్టగోడ లేదు. బడి తెరిచిన రోజు నుంచీ నేను దాని చెయ్యి పట్టుకుని దాటించి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేదాన్ని. ఎవరు ఎవరిని పట్టుకుని నడుస్తున్నామో నాకు తెలిసేది కాదు.

ఈరోజు వంతెన ఈవలే ఆగిపోయింది. పలక సంచీ భుజాన సర్దుకుని, "నేను పోతాను. నువ్వు ఇంటికి పో" అంది.

"దాటేదాకా ఉంటాను" అన్నాను.

"వద్దు. నువ్వు ఇక్కడ నిలబడితే నేను వెనక్కి చూస్తూ ఉంటాను. నువ్వు పో, అప్పుడు ముందుకు చూస్తాను."

అక్కా, నా కాళ్ళు ఆ గట్టులో దిగబడిపోయాయి. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పిల్ల కదలకుండా నిలబడి నేను వెళ్ళడం కోసం చూస్తోంది. దానికి తొందరేమీ లేదు. నేను వెళ్ళగలనో లేదో తెలుసుకునేదాకా అక్కడే ఉండేటట్టుంది.

వెనక్కి తిరిగాను. కాలువకు వీపు పెట్టి ఇంటి వైపు నడిచాను. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. గడప దాటి లోపలికి వచ్చాక గోడకు ఆనుకుని కూర్చుని, చెవులు రిక్కించి విన్నాను. కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి బడి పిల్లల కేకలు వినిపించాయి. అందులో దాని గొంతు ఉంది. అది ఎవరినో తిడుతోంది.

లేచి పొయ్యి వెలిగించాను.

మాణిక్యం